ఒకరోజు స్టార్ట్ అయి, ఒకరోజు మొరాయించే పాత కారు: తప్పు ఎక్కడుందో కనిపెట్టేదెలా?



పొద్దున బడి గేటు ముందు ఆగే బండ్లలో కొత్తవి ఎన్ని వచ్చినా, మన హోసూరు వైపు పాత మారుతి 800లూ, ఓమ్నీలూ ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. అంటే ఆఖరున తయారైన బండికి కూడా పదేళ్ళు దాటిపోయాయి. తాత కొన్న బండిని నాన్న నడుపుతున్న ఇళ్ళు కూడా ఉంటాయి. బాగా చూసుకుంటే అవి ఇంకా నడుస్తాయి. కానీ వాటికి వచ్చే జబ్బుల్లో మనిషిని అన్నిటికన్నా విసిగించేది ఒకటుంది. తాళం తిప్పితే ఒకరోజు వెంటనే స్టార్ట్ అవుతుంది. ఇంకోరోజు ఉలకదు, పలకదు. నాలుగుసార్లు తిప్పాక ఏమీ జరగనట్టు మళ్ళీ పట్టేస్తుంది.

పూర్తిగా పాడైన బండి సంగతి సులువు. మెకానిక్ వచ్చి చూస్తాడు, పాడైంది కళ్ళ ముందే ఉంటుంది, మారుస్తాడు. వచ్చిపోయే జబ్బు అలా కాదు. షెడ్డుకు తీసుకెళ్ళిన రోజే అది చక్కగా స్టార్ట్ అవుతుంది. "ఏమీ లేదండీ, బాగానే ఉంది" అంటారు. మర్నాడు ఇంటి ముందు మళ్ళీ మొండికేస్తుంది. అప్పుడు అనుమానం మీద బ్యాటరీ మారుస్తాం. వారం బాగుంటుంది. మళ్ళీ అదే పాట. తర్వాత సెల్ఫ్ మోటార్ మారుస్తాం. డబ్బు పోతూనే ఉంటుంది, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆఖరికి పబ్లిక్ పరీక్ష రోజు పొద్దున ఎనిమిదిన్నరకు పిల్ల హాల్ టికెట్ పట్టుకుని కారులో కూర్చున్నప్పుడు అది తన పని చూపిస్తుంది.

అందుకే ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. వచ్చిపోయే తప్పును అది వచ్చిన నిమిషంలోనే పట్టుకోవాలి. అది పట్టుబడే దాకా ఏ పార్టూ కొనకండి. పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. చెవులు, ఒక చిన్న నోట్‌బుక్, ఒక మామూలు మల్టీమీటర్ చాలు. 10వ తరగతి భౌతికశాస్త్రంలో చదివే ఓమ్ నియమం కూడా తోడుంటే ఇంకా మంచిది.

మొదటి ప్రశ్న: ఇంజన్ తిరుగుతోందా, లేదా?

"కారు స్టార్ట్ కావడం లేదు" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి.

ఒకటి: తాళం తిప్పితే ఇంజన్ అసలు తిరగదు. "సెల్ఫ్ ఎత్తడం లేదు" అంటామే, అది. ఇక్కడ తప్పు బ్యాటరీ, వైర్లు, తాళం, సెల్ఫ్ మోటార్ వీటిలోనే ఎక్కడో ఉంటుంది. పెట్రోలుతో, ప్లగ్గులతో దీనికి సంబంధం లేదు.

రెండు: సెల్ఫ్ బాగానే తిప్పుతుంది, కానీ ఇంజన్ పట్టుకోదు. అప్పుడు బ్యాటరీనీ సెల్ఫ్‌నూ అనుమానించడం దండగ. నిప్పురవ్వ అందడం లేదో, పెట్రోలు అందడం లేదో చూడాలి.

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం కారును పక్కన పెట్టేయొచ్చు. వెతకాల్సిన చోటు సగం అయిపోతుంది. మంచి మెకానిక్‌లు చేసేది ఇదే. ప్రతి పరీక్షతో మిగిలిన అనుమానాల్ని రెండుగా చీల్చి, ఒక సగాన్ని కొట్టేస్తూ పోతారు.

పాత బండ్లలో ఎక్కువగా కనిపించేది మొదటి రకం కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

సెల్ఫ్‌కు కరెంటు వెళ్ళే దారులు రెండు

సెల్ఫ్ మోటార్ మీద చిన్న డబ్బాలాంటిది ఒకటి అతుక్కుని ఉంటుంది. దాని పేరు సొలనాయిడ్. అది ఒక విద్యుదయస్కాంతం. దాన్ని అర్థం చేసుకుంటే కథంతా అర్థమవుతుంది.

చిన్న దారి: బ్యాటరీ నుంచి తాళం దగ్గరి స్విచ్చికి, అక్కడి నుంచి ఒక సన్నటి వైరు సొలనాయిడ్‌కు వెళ్తుంది. మనం తాళం తిప్పినప్పుడు ఈ దారిలో కరెంటు పోయి సొలనాయిడ్ లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది. "టక్" అనే చప్పుడు వచ్చేది అప్పుడే.

పెద్ద దారి: ఆ కడ్డీ లాగబడగానే రెండు పనులు జరుగుతాయి. సెల్ఫ్ చిన్న పళ్ళచక్రం ముందుకొచ్చి ఇంజన్ ఫ్లైవీల్ పళ్ళతో కలుస్తుంది. అదే సమయంలో సొలనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కలుసుకుని, బ్యాటరీ నుంచి లావుపాటి వైరు ద్వారా భారీ కరెంటు మోటార్‌కు చేరుతుంది. చిన్న కారులో కూడా ఇది 100 ఆంపియర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. ఆ కరెంటు మోటార్‌లో పనిచేసి, ఇంజన్ ఇనుము గుండా, అక్కడి నుంచి ఎర్త్ వైరు గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావాలి.

తిరిగి రావాలన్న సంగతే చాలామంది మరిచిపోతారు. ప్లస్ వైపు వైరును ఎన్నిసార్లో చూస్తారు. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని ఎవరూ చూడరు. పాత బండిలో అది నూనె, బురద, తుప్పు పట్టి ఉంటుంది. ఒక బోల్టు వదులుగా ఉంటే చాలు, ఒకరోజు తగులుతుంది, ఒకరోజు తగలదు.

"లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా!"

సెల్ఫ్ ఎత్తనప్పుడు అందరం హెడ్‌లైటు వేసి చూస్తాం. అది బాగా వెలిగితే "బ్యాటరీకేం కాలేదు, వైర్లకేం కాలేదు, సెల్ఫే పోయింది" అనేస్తాం. ఈ ముగింపు తప్పు. ఎందుకు తప్పో లెక్క వేసి చూడొచ్చు. పిల్లలూ, ఇది మీకోసం.

బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పట్టిందనుకోండి. దానివల్ల అక్కడ 0.03 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకుందాం. చాలా చిన్న సంఖ్య. వోల్టేజి అంటే కరెంటును నిరోధంతో గుణించడం.

రెండు హెడ్‌లైట్లు తీసుకునే కరెంటు సుమారు 10 ఆంపియర్లు. 10 × 0.03 = 0.3. అంటే ఆ పొడి దగ్గర పోయేది 0.3 వోల్టు మాత్రమే. కంటికి తేడా తెలియదు.

సెల్ఫ్‌కు 100 ఆంపియర్లు కావాలి. 100 × 0.03 = 3. అంటే 12 వోల్టుల్లో 3 వోల్టులు ఆ పొడి దగ్గరే పోతాయి. సెల్ఫ్‌కు మిగిలేది 9 కన్నా తక్కువే. ఎందుకంటే భారం పడ్డప్పుడు బ్యాటరీ వోల్టేజి తనంతట తానే కొంత పడిపోతుంది కూడా. అంత తక్కువతో సెల్ఫ్ బరువుగా ఈడుస్తుంది, లేదా కదలనే కదలదు.

కాబట్టి లైట్లు వెలగడం సెల్ఫ్ దారి బాగుందనడానికి సాక్ష్యం కాదు. సన్నటి గొట్టంలోంచి గ్లాసెడు నీళ్ళు రావచ్చు, తోటకు సరిపడా రావు కదా. కరెంటు లేని సమయంలో మీటర్ పెట్టి "12.6 చూపిస్తోంది, అంతా బాగుంది" అనడం కూడా ఇలాంటి పొరపాటే. భారం పడ్డప్పుడు కొలిస్తేనే నిజం బయటపడుతుంది.

చెవి చెప్పే గుర్తులు

బండి మొరాయించిన నిమిషంలో ఒకరు తాళం తిప్పితే ఇంకొకరు బయట నిలబడి వినాలి. లోపల డాష్‌బోర్డు లైట్లు ఎలా ఉన్నాయో కూడా గమనించాలి.

1. ఏ చప్పుడూ లేదు, డాష్‌బోర్డు లైట్లు తగ్గలేదు. చిన్న దారిలో తప్పు. తాళం స్విచ్చి లోపల అరిగిపోయి ఉండొచ్చు, సొలనాయిడ్ దగ్గర సన్నటి వైరు వదులై ఉండొచ్చు. తాళం అటూ ఇటూ కదిపితే పట్టుకుంటోందంటే అనుమానం స్విచ్చి మీదే.

2. ఒక్క "టక్", ఆ తర్వాత నిశ్శబ్దం, లైట్లు పెద్దగా తగ్గలేదు. సొలనాయిడ్ లాగింది కానీ మోటార్‌లోకి కరెంటు పోలేదు. సొలనాయిడ్ కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, మోటార్ లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు. సెల్ఫ్ మీద కొయ్యతో మెల్లగా తడితే తిరుగుతోందంటే బ్రష్‌ల మీద అనుమానం బలపడుతుంది. ఎర్త్ పట్టీ తెగిపోయే దశలో ఉన్నా ఇలాంటి గుర్తే కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూడకుండా సెల్ఫ్ విప్పొద్దు.

3. "టకటకటక" అని వరసగా. బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులు. సొలనాయిడ్ లాగుతుంది, భారం పడగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, మళ్ళీ లాగుతుంది. ఆ చప్పుడు దానిదే.

4. తాళం తిప్పగానే లైట్లన్నీ ఆరిపోయాయి, కాసేపటికి మళ్ళీ వచ్చాయి. బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉంది. ముందు అదే చూడండి.

5. సెల్ఫ్ గిర్రున తిరిగే చప్పుడు వస్తోంది, ఇంజన్ మాత్రం కదలడం లేదు. సెల్ఫ్ పళ్ళచక్రం ముందుకు రావడం లేదు, లేదా లోపలి క్లచ్ జారుతోంది. మెకానిక్‌లు "బెండిక్స్ పోయింది" అంటారు.

6. కరకరమని పళ్ళు ఒరుసుకునే చప్పుడు. ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ళపట్టీ ఒకచోట అరిగింది. ఇది రోజూ ఎందుకు రాదో తెలుసుకుంటే ముచ్చటగా ఉంటుంది. ఇంజన్ ఆపినప్పుడు అది ఎక్కడపడితే అక్కడ ఆగదు. సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయి అడ్డుపడే కొన్ని చోట్లే ఆగుతుంది. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల ఇంజన్‌కు ఫ్లైవీల్ చుట్టూ అలాంటి చోట్లు మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు రెండు. సెల్ఫ్ ఎప్పుడూ ఆ చోట్లలోనే పళ్ళను కొడుతుంది కాబట్టి అరుగుదలా అక్కడే. అరిగిన చోట ఆగిన రోజు మొరాయిస్తుంది, మిగతా రోజులు బాగుంటుంది.

ఎప్పుడు వస్తోంది? అదే సగం జవాబు

వచ్చిపోయే జబ్బు ఊరికే రాదు. వేడికో, చలికో, తేమకో, కుదుపుకో లోబడి వస్తుంది. వచ్చిన సమయాలు నాలుగైదు రాసుకుంటే వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది.

డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో మాత్రమే బరువుగా తిరిగితే బ్యాటరీ ముసలిదైందని అనుకోవచ్చు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. రెండూ ఒకేసారి మీద పడతాయి.

దూరం వెళ్ళి వచ్చి, ఆపి, పది నిమిషాలకు మళ్ళీ తిప్పితే ఎత్తకపోవడం, అరగంట ఆగితే ఎత్తడం: ఇది వేడి జబ్బు. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఇంజన్ పక్కన ఉన్న సొలనాయిడ్ 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే నిరోధం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. కొత్త బండి దీన్ని తట్టుకుంటుంది. తాళం స్విచ్చి, వైర్లు అప్పటికే కొంత నష్టపరుస్తున్న పాత బండి తట్టుకోలేదు.

రోజూ నడిపితే బాగుండి, మూడు నాలుగు రోజులు నిలిపితే మొరాయిస్తే ఏదో ఒకటి కరెంటు తాగుతూ ఉంది. 5 వాట్ల చిన్న బల్బు ఒకటి ఆరకుండా ఉందనుకోండి. 5ను 12తో భాగిస్తే 0.42 ఆంపియర్లు. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఆ లెక్కన 84 గంటల్లో, అంటే మూడున్నర రోజుల్లో పూర్తిగా ఖాళీ అవుతుంది. సెల్ఫ్ ఎత్తకపోవడం అంతకన్నా ముందే మొదలవుతుంది. డిక్కీ లైటు, లోపలి లైటు నిజంగా ఆరుతున్నాయో లేదో చూడండి. అవి ఆరుతూ ఉంటే, ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే చార్జింగ్ సరిగా లేదు. షెడ్డులో "డైనమో చూడండి" అని చెప్పండి.

స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరాక, గుంతల రోడ్డు దాటాక వస్తే ఎక్కడో వైరు వదులు. బానెట్ తీసి బ్యాటరీ టెర్మినళ్ళను చేత్తో తిప్పి చూడండి. చేతికి కదిలితే అది వదులే.

వచ్చిన నిమిషంలో చేయాల్సిన కొలతలు

బండి మొరాయించినప్పుడు గాభరాపడి పదిసార్లు తాళం తిప్పకండి. ఎందుకంటే అది పట్టేసుకుంటే సాక్ష్యం మాయమైపోతుంది. మీటర్ దగ్గరుంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు ఈ కొలతలు తీయాలి. ఒక్కోసారి అయిదు సెకన్లకు మించి తిప్పొద్దు. మధ్యలో నిమిషం ఆగాలి.

మొదట, బ్యాటరీ రెండు సీసం మొనల మీద మీటర్ పెట్టండి. తాళం తిప్పకముందు 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. తాళం తిప్పినప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ బలహీనం. తిప్పినా 12కు పైనే కదలకుండా ఉండి సెల్ఫ్ తిరగకపోతే బ్యాటరీ నుంచి కరెంటు పోవడమే లేదు. అంటే దారిలో ఎక్కడో తెగింది.

రెండోది, ఒక మొన సీసం మీద, ఇంకో మొన దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టండి. తిప్పినప్పుడు దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు చూపిందంటే టెర్మినలే దొంగ.

మూడోది, బ్యాటరీ మైనస్ మీద ఒకటి, ఇంజన్ ఇనుము మీద శుభ్రంగా ఉన్న చోట ఒకటి. తిప్పినప్పుడు 0.3 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ పట్టీ.

నాలుగోది, బ్యాటరీ ప్లస్ మీద ఒకటి, సెల్ఫ్ దగ్గర లావు వైరు బిగించిన బోల్టు మీద ఒకటి. 0.5 దాటితే ఆ వైరులోనో దాని బిగింపుల్లోనో తప్పు.

ఈ నాలుగూ బాగుండి కూడా సెల్ఫ్ తిరగకపోతే, అయిదోదిగా సొలనాయిడ్ సన్నటి వైరు దగ్గర కొలవాలి. తాళం తిప్పినప్పుడు అక్కడికి 10 వోల్టులకు పైగా వస్తూ ఉంటే స్విచ్చి బాగుంది, సెల్ఫ్ విప్పాలి. రాకపోతే ముందు స్విచ్చి వైపు వెతకాలి. చేయి సెల్ఫ్ దాకా పోవాలి కాబట్టి నాలుగు, అయిదు కొలతల్ని ఆటో ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

మీటర్ లేకపోతే జంపర్ కేబుల్‌తో ఒక చిట్కా ఉంది. కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఇంజన్ ఇనుముకు తగిలించండి. అప్పటిదాకా ఎత్తని సెల్ఫ్ ఒక్కసారిగా హుషారుగా తిరిగితే ఎర్త్ పట్టీ మార్చండి, పని అయిపోతుంది. బ్యాటరీ, సెల్ఫ్ రెండింటి డబ్బూ మిగులుతుంది.

తోసి స్టార్ట్ చేయడం కూడా ఒక పరీక్షే. కార్బురేటర్ ఉన్న పాత బండి సెల్ఫ్ ఎత్తనప్పుడు, రెండో గేరులో తోయగానే పట్టుకుందంటే నిప్పురవ్వా పెట్రోలూ బాగున్నాయి. తప్పు సెల్ఫ్ వైపే. ఈ పని ఖాళీ స్థలంలో, పెద్దవాళ్ళు మాత్రమే చేయాలి. ఎం.పి.ఎఫ్.ఐ. బండ్లను మాటిమాటికీ తోయకండి. కాలని పెట్రోలు పొగగొట్టంలోని కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ పట్టకపోతే

ఇక రెండో రకం. ఇక్కడ ప్రశ్న మళ్ళీ ఒక్కటే: లేనిది నిప్పురవ్వా, పెట్రోలా?

వానాకాలం పొద్దున మాత్రమే పట్టకపోతే తేమ మీద అనుమానం. డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్ వైర్లు తడి లాగితే నిప్పురవ్వ దారి తప్పుతుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పొడి గుడ్డతో తుడిచి ఆరనిస్తే పట్టుకుంటుంది. మూతలో సన్నటి పగులు ఉంటే ప్రతి వానకూ ఇదే జరుగుతుంది. మూత మార్చాలి.

వేడెక్కాక పట్టకపోతే రెండు కారణాలు. ఇగ్నిషన్ కాయిల్ వేడికి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్ళీ పనిచేయొచ్చు. లేదా ఏప్రిల్, మే ఎండల్లో ఇంజన్ పక్కనున్న సన్నటి గొట్టంలోని పెట్రోలు ఆవిరైపోయి పంపు లాగలేకపోవచ్చు. రెండోదైతే బానెట్ తీసి ఇంజన్‌ను కాసేపు చల్లారనిచ్చి, పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేస్తే పట్టుకుంటుంది. పట్టని నిమిషంలో నిప్పురవ్వ వస్తోందో లేదో మెకానిక్ చూస్తే ఏదన్నది తేలిపోతుంది.

పెట్రోలు వాసన గుప్పున కొడితే ఎక్కువైందని అర్థం. చోక్ వాడకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, అయిదు సెకన్లు తిప్పండి. పదేపదే తొక్కి వదలొద్దు. తొక్కిన ప్రతిసారీ కార్బురేటర్ ఇంకొంచెం పెట్రోలు చిమ్ముతుంది.

ఎం.పి.ఎఫ్.ఐ. బండి అయితే తాళం ఆన్ చేయగానే వెనక పెట్రోలు ట్యాంకు దగ్గర ఒకటి రెండు సెకన్లు సన్నగా గుయ్‌మని పంపు చప్పుడు వినిపించాలి. రోజూ ఆ చప్పుడు వినడం అలవాటు చేసుకోండి. పట్టని రోజున అది వినిపించకపోతే పంపునూ, దాని రిలేనూ చూడమని చెప్పొచ్చు.

ఇవి మాత్రం మరవద్దు

పిల్లలు నోట్‌బుక్ రాయొచ్చు, లెక్కలు వేయొచ్చు, చప్పుడు వినొచ్చు. తాళం తిప్పుతున్నప్పుడు బానెట్ లోపలికి చేయి పెట్టొద్దు. చున్నీ, కొంగు, వదులు చొక్కా, విరబోసిన జుట్టు ఫ్యాన్ బెల్టు దగ్గరికి పోకూడదు. ప్లగ్ వైర్లలో వేల వోల్టులుంటాయి, వాటిని ముట్టుకోవద్దు.

బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, బీడీ, సిగరెట్ వద్దు. చార్జి అయ్యేటప్పుడు దానిలోంచి హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకుంటుంది. టెర్మినళ్ళు విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పండి, బిగించేటప్పుడు ఆఖరున మైనస్ బిగించండి. ముందే ప్లస్ విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి పెద్ద నిప్పు లేస్తుంది. టెర్మినల్ మీది పొడిని వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వ్యాజిలిన్ రాయండి. ఆ పొడిలో ఆమ్లం ఉంటుంది, కళ్ళకూ చేతులకూ తగలనీయకండి.

కార్బురేటర్‌లో చేత్తో పెట్రోలు పోసి స్టార్ట్ చేయడం, స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్‌ను డైరెక్ట్ చేయడం ఇంట్లో చేయకండి. మొదటిదానికి బండి అంటుకుంటుంది. రెండోదానికి గేరులో ఉన్న బండి మనిషి మీదికి దూకుతుంది.

బాగైందని ఎప్పుడు అనాలి?

ఇది పిల్లలకు ఇంకో లెక్క, పెద్దవాళ్ళకు డబ్బు మిగిల్చే లెక్క.

మీ బండి పదిసార్లలో ఒకసారి మొరాయిస్తుందనుకోండి. అంటే ఒక్కోసారి స్టార్ట్ అయ్యే సంభావ్యత 0.9. ఏదో పార్టు మార్చారు. తర్వాత వరసగా అయిదుసార్లు స్టార్ట్ అయింది. బాగైపోయినట్టేనా?

0.9ను అయిదుసార్లు గుణిస్తే 0.59 వస్తుంది. అంటే ఏమీ బాగుచేయకపోయినా, నూటికి 59 వంతులు ఆ అయిదుసార్లూ స్టార్ట్ అయ్యే ఉండేది. ఆ అయిదు స్టార్టులు దాదాపు ఏమీ చెప్పలేదు. అదే వరసగా 30 సార్లు స్టార్ట్ అయితే? 0.9ను 30 సార్లు గుణిస్తే 0.04 వస్తుంది. బాగుచేయని బండి అలా నడిచే అవకాశం నూటికి నాలుగు వంతులే. అప్పుడు నమ్మొచ్చు.

కాబట్టి పదికి ఒకసారి వచ్చే జబ్బుకు కనీసం 30 స్టార్టులు చూడాలి. అవీ జబ్బు వచ్చే పరిస్థితుల్లోనే చూడాలి. వేడికి వచ్చేదాన్ని చల్లటి పొద్దున 30 సార్లు పరీక్షించి లాభం లేదు. ఒకసారికి ఒక్కటే మార్చండి. బ్యాటరీ, సెల్ఫ్, ఎర్త్ పట్టీ మూడూ ఒకేరోజు మారిస్తే బండి బాగుపడొచ్చు. కానీ దేనివల్ల బాగుపడిందో ఎవరికీ తెలియదు, రెండింటి డబ్బు ఊరికే పోయినట్టు.

కారులో ఒక నోట్‌బుక్

చివరగా, ఈ వారం చేయదగ్గ పని. కారు డాష్‌బోర్డు అరలో 40 పేజీల చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టండి. ప్రతి పేజీలో ఎనిమిది గళ్ళు గీయండి: తేదీ, సమయం, ఇంజన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా, వానా, ఎండా, ఎంతసేపు నిలిపారు, ఏం చప్పుడు వచ్చింది, లైట్లు తగ్గాయా, ఏం చేస్తే పట్టుకుంది. బండి మొరాయించిన ప్రతిసారీ పక్కన కూర్చున్న పిల్లలు రాయాలి. బాగా స్టార్ట్ అయిన రోజుల్లో ఒక గీత గీస్తే చాలు, ఎన్నింటికి ఎన్నిసార్లు వస్తోందో లెక్క తెలుస్తుంది.

మొరాయించినప్పుడు ఆ చప్పుడును ఫోన్లో రికార్డు చేసి ఉంచండి. షెడ్డులో బండి మొండికేయకపోయినా ఆ చప్పుడు మెకానిక్‌కు వినిపించొచ్చు.

మన ఇళ్ళలో తెలుగు మాట్లాడినా, షెడ్డులో ఒకచోట తమిళం, ఇంకోచోట కన్నడం మాట్లాడాల్సి వస్తుంది. భయం లేదు. సెల్ఫ్, టెర్మినల్, ఎర్త్, కాయిల్, ప్లగ్, బెండిక్స్ ఈ మాటలు మూడు భాషల్లోనూ ఒకటే. "స్టార్ట్ కావడం లేదు, చూడండి" అని తాళం ఇచ్చేస్తే వాళ్ళు ఊహించాల్సి వస్తుంది. "దూరం నుంచి వచ్చి ఆపాక పది నిమిషాలకు ఎత్తదు, ఒక్క టక్ వస్తుంది, లైట్లు తగ్గవు, అరగంటకు ఎత్తుతుంది. ఇరవైకి మూడుసార్లు ఇలా అయింది" అని నోట్‌బుక్ చూసి చెప్పండి. మంచి మెకానిక్‌కు ఆ నాలుగు మాటలు చాలు. ఎక్కడ మీటర్ పెట్టాలో అతనికి అప్పుడే తెలిసిపోతుంది.

మీ ఇంట్లో కారు లేకపోయినా ఫర్వాలేదు. సెల్ఫ్ ఉన్న స్కూటర్‌కు, ఆటోకు, ట్రాక్టర్‌కు కూడా ఇదే పద్ధతి. బ్యాటరీ, రెండు దారులు, ఎర్త్ వాటికీ ఉన్నాయి. కొలతల సంఖ్యలు మాత్రం ఆయా బండిని బట్టి కొంత మారుతాయి.